యావజ్జీవ ఖైదీకి ఉత్తరం ఎలా రాయాలి

మీ ఊరివారో, బంధువో, ఒకప్పటి స్నేహితుడో యావజ్జీవ శిక్ష పడి సెంట్రల్ జైలులో ఉన్నారనుకోండి. మొదటి ఏడాది అందరూ ములాఖత్‌కు వెళ్తారు. రెండో ఏడాది పండగలకు వెళ్తారు. ఐదో ఏడాదికి తల్లి ఒక్కతే మిగులుతుంది. ఆమె కన్నుమూశాక ఆ పేరుతో ములాఖత్ చీటీ రాసేవారే ఉండరు. మీరు ఉత్తరం మొదలుపెట్టవలసింది సరిగ్గా అక్కడ.

నేను తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన ఒక కుర్రవాడు 2011 నుంచి జైలులో ఉన్నాడు. మరుసటి ఏడాది నుంచి అతనికి రాస్తున్నాను. మొదట్లో ధైర్యం చెబుతూ పేజీలు నింపేవాణ్ని. జవాబు వచ్చేది కాదు. ధైర్యం చెప్పడం మానేసి సాయం అడిగిన తర్వాతే అతను కలం పట్టాడు. కింద రాసే పద్ధతంతా ఆ ఒక్క అనుభవం చుట్టూ తిరుగుతుంది.

ముందు ఇష్టం కనుక్కోండి

ఉత్తరం అందుకోవాలనే కోరిక ఖైదీకి ఎంత సహజమో, వద్దనుకోవడమూ అంతే సహజం. కొందరికి పాత ముఖాలు గుర్తుకు రావడమే భారం. ఇంటివాళ్లు ఎవరైనా ములాఖత్‌కు వెళ్తుంటే "ఫలానావారు ఉత్తరం రాస్తానంటున్నారు, రాయమంటావా?" అని అడిగించండి. అలా అడిగేవారు లేకపోతే జైలు సూపరింటెండెంట్‌కు ఒక చిన్న విన్నపం రాసి, ఆ ఖైదీకి మీరు రాయవచ్చా, ఆ జైలులో నియమాలేమిటి అని కనుక్కోండి. ఎవరు రాయవచ్చు, నెలకు ఎన్ని ఉత్తరాలు, ప్రభుత్వ ఖర్చుతో ఖైదీ ఎన్ని రాసుకోవచ్చు అన్నవి రాష్ట్రాన్ని బట్టి మారుతుంటాయి. పక్క రాష్ట్రంలో ఎవరో చెప్పింది నమ్మి మొదలుపెట్టకండి.

చిరునామాలో ఒక్క అంకె తప్పినా ఉత్తరం ఆగిపోతుంది

కవరు మీద ఇవన్నీ ఉండాలి: జైలు రికార్డులో ఉన్నట్టే పూర్తి పేరు, తండ్రి పేరు, ఖైదీ నంబరు, తెలిస్తే బ్యారక్, తర్వాత "కేరాఫ్ సూపరింటెండెంట్", జైలు పేరు, ఊరు, పిన్ కోడ్. వందల మంది ఉండే చోట ఒకే పేరుగలవాళ్లు నలుగురైదుగురు ఉంటారు. కాబట్టి తండ్రి పేరు వదలకండి. రిమాండులో ఉన్నప్పటి నంబరూ, శిక్ష పడ్డాక వచ్చే నంబరూ ఒకటి కావు. కోర్టు కాగితాల్లో చూసిన పాత నంబరు వేస్తే ఉత్తరం ఎక్కడో బల్ల మీద ఉండిపోతుంది.

జైలు మారితే చిరునామా మొత్తం మారుతుంది. 2021లో వరంగల్ సెంట్రల్ జైలును ఖాళీ చేసి అక్కడి ఖైదీలందరినీ వేరే జైళ్లకు పంపారు. అలాంటప్పుడు పాత చిరునామాకు రాసిన ఉత్తరం తిరిగి రావచ్చు, రాకనూ పోవచ్చు. సత్ప్రవర్తన ఉన్నవారిని అనంతపురం దగ్గరి రెడ్డిపల్లి, హైదరాబాద్ దగ్గరి చర్లపల్లి లాంటి బహిరంగ కారాగారాలకు, అంటే కాపలా తక్కువగా ఉండే ఓపెన్ జైళ్లకు, మార్చడమూ ఉంది. అందుకని రెండు పనులు చేయండి. ప్రతి ఉత్తరం వెనుక మీ చిరునామా రాయండి. ప్రతి ఉత్తరానికీ తేదీ పక్కనే వరుస సంఖ్య వేయండి: "ఉత్తరం 14", "ఉత్తరం 15" అని. మధ్యలో ఒకటి అందకపోతే ఇద్దరికీ తెలుస్తుంది. నాకు ఈ ఆలోచన నాలుగేళ్ల తర్వాత వచ్చింది. అంతకుముందు పోయినవి ఎన్నో ఇప్పటికీ లెక్క లేదు.

ఖైదీ మీకు బొత్తిగా పరిచయం లేని వ్యక్తి అయితే మాత్రం ఇంటి చిరునామా బదులు మీరు పనిచేసే సంస్థదో, గ్రంథాలయానిదో అనుమతి అడిగి వాడుకోండి. ఇందులో అవమానించేది ఏమీ లేదు. పరిచయం కుదిరాక మార్చుకోవచ్చు.

కాగితం, కవరు

రెండున్నర రూపాయల ఇన్‌లాండ్ కవరు చాలా ఉత్తరాలకు సరిపోతుంది. అందులో విడి కాగితం పెట్టకూడదన్న నియమం ఎలాగూ ఉంది కనుక తనిఖీ చేసేవారికీ తేలిక. పోస్టు కార్డు మాత్రం వద్దు. దారిలో ప్రతి ఒక్కరూ చదవగలిగే కాగితం మీద మనిషి మనసు విప్పలేడు. ఫొటో పంపాలనుకుంటే మామూలు కవరులో, అది కూడా ముందుగా అనుమతి ఉందో లేదో తెలుసుకుని పంపండి. ఫొటో వెనుక అందులో ఉన్నవారి పేర్లు, ఏ ఊరో రాయండి. కరెన్సీ నోటు ఎప్పుడూ పెట్టవద్దు. ఖైదీ ఖాతాలో డబ్బు వేయడానికి ప్రతి జైలులోనూ ఒక పద్ధతి ఉంటుంది, కార్యాలయంలో అడిగితే చెబుతారు. జిగురు అంటించిన బొమ్మలు, అత్తరు చల్లిన కాగితాలు అనుమానానికి దారితీస్తాయి.

ముత్యాల్లాంటి అక్షరాలు అక్కర్లేదు, విడివిడిగా ఉంటే చాలు. బ్యారక్‌లో రాత్రి వెలుతురు తక్కువ. పదేళ్లు లోపల ఉన్నవారికి చూపు తగ్గి ఉండవచ్చు, కళ్లజోడు ఉండకపోవచ్చు.

మీ ఉత్తరాన్ని ముగ్గురు చదువుతారు

మొదట జైలు అధికారి చదువుతారు. తర్వాత ఖైదీ. ఖైదీకి చదువు రాకపోతే పక్క మంచం మీది మనిషి పైకి చదివి వినిపిస్తాడు. ఈ ముగ్గురినీ గుర్తుపెట్టుకుని రాయాలి. వాక్యం చిన్నదిగా ఉండాలి, నోటితో చదివితే ఒక్క ఊపిరిలో ముగియాలి. ఇంట్లో ఆడపిల్ల సంబంధం గొడవ, అన్నదమ్ముల ఆస్తి తగాదా లాంటివి నలుగురి మధ్య చదివించుకునే మనిషికి రాయకూడదు. అధికారి చదువుతారని భయపడి మరీ పొడిగానూ రాయకండి. చెరువు నిండిందని, మామిడి పూత రాలిపోయిందని రాస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కేసు సంగతులు అసలు రాయవద్దు. ఎవరు సాక్ష్యం చెప్పారు, అప్పీలులో ఏమి చెప్పాలి అన్నవి వకీలు ద్వారానే నడవాలి. నేరం గురించి మీరు అడగకండి. అతనంతట అతను రాస్తే చదవండి, తీర్పు చెప్పకండి, వెంటనే ఓదార్చనూ వద్దు. ఆ నేరంలో నష్టపోయిన కుటుంబం మీ ఊళ్లోనే ఉండవచ్చు. వాళ్ల కబుర్లు లోపలికి మోయడం, రాజీ కోసమో క్షమాపణ కోసమో లోపలి మాట వాళ్ల గడపకు చేర్చడం మీ పని కాదు. ఆ ఇంటివారికి మీ ఉత్తరాల వల్ల కొత్త నొప్పి కలగకూడదు.

తొలి ఉత్తరం

తొలి ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. నేను పంపిన వాటిలో జవాబు తెచ్చిన తొలి ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

"చిరంజీవికి మాస్టారి ఆశీస్సులు. నీ చిరునామా మీ అక్క ఇచ్చింది. నెలనెలా మొదటి ఆదివారం నీకు ఒక ఉత్తరం రాస్తాను. నీకు ఇష్టం లేకపోతే ఆ మాట రాయి, మానేస్తాను, ఏమీ అనుకోను. ప్రతిదానికీ జవాబు రాయాలని లేదు. ఇప్పుడు నాకొక సాయం కావాలి. బడి ఆవరణలో ఈ ఏడాది వేప మొక్కలు పెట్టించాం. మేకలు కొరికేస్తున్నాయి. ముళ్లకంప కట్టినా ఆగడం లేదు. మీ నాన్న మంద తోలుకుంటూ ఎందరి పొలాల మీదుగానో వెళ్లేవారు కదా, మొక్కల జోలికి పోకుండా ఏమి చేసేవారు?"

నాలుగు నెలలకు జవాబు వచ్చింది. ఆరు పంక్తులు. "కంప ఒక్కటే చాలదు మాస్టారూ, పేడనీళ్లు చల్లండి. వాన పడితే మళ్లీ చల్లాలి. మొక్క నడుము ఎత్తు దాటేదాకా మానవద్దు." అలాగే చేశాం. మొక్కలు బతికాయి. ఆ సంగతి తర్వాతి ఉత్తరంలో రాశాను.

మీ తొలి ఉత్తరంలోనూ నాలుగు సంగతులు ఉండేలా చూసుకోండి: మీరెవరు, చిరునామా ఎలా దొరికింది, ఎంత తరచుగా రాస్తారు, వద్దంటే మానేస్తారు అని. ఐదోది, అతను మాత్రమే చెప్పగల ఒక ప్రశ్న.

పాత పద్ధతిలో "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టవచ్చా అని ఒకరు నన్ను అడిగారు. పెట్టండి. అందరి ఇళ్లకూ వచ్చే ఉత్తరం లాంటిదే తనకూ వచ్చిందనిపించడం అతనికి చిన్న విషయం కాదు. "అక్కడ నువ్వు క్షేమమని తలుస్తాను" అన్న మాట మాత్రం తీసేయండి. "మోకాలి నొప్పి ఎలా ఉంది? రాత్రి నిద్ర పడుతోందా?" అని అడిగితే అతను నిజం రాయగలడు.

రోజు ఖాయం చేసుకోండి

వారానికొకటి రాస్తానని మాటిచ్చి మూడు నెలలకు ఆగిపోయేకంటే రెండు నెలలకొకటి పదేళ్లు రాయడం ఎంతో మేలు. జైలులో రోజులన్నీ ఒకేలా ఉంటాయి, ఉత్తరం వచ్చే రోజు ఒక్కటే వేరుగా ఉంటుంది. అది తప్పిందంటే అతను కారణాలు వెతకడం మొదలుపెడతాడు, ఎక్కువగా తననే తప్పుపట్టుకుంటాడు. 1930లో యెరవాడ జైలులో ఉన్నప్పుడు గాంధీజీ ఆశ్రమవాసులకు ప్రతి మంగళవారం ఒక ఉత్తరం రాసేవారు, వారానికో వ్రతం గురించి. లోపలి మనిషే రోజు తప్పకుండా రాయగలిగినప్పుడు బయట ఉన్న మనకు అది కష్టం కాకూడదు. ప్రయాణాలు, అనారోగ్యం ఉంటే ముందే రాయండి: "వచ్చే నెల కంటి ఆపరేషను, ఆ తర్వాతి నెల రాస్తాను" అని.

జైలులో ఫోను సదుపాయం ఉంది కదా, ఉత్తరం ఎందుకు అనేవారున్నారు. ఫోనులో మాట నిమిషాల్లో అయిపోతుంది, వెనుక వరసలో ఇంకొకరు నిలబడి ఉంటారు. ఉత్తరాన్ని దిండు కింద పెట్టుకుని వారం చదవవచ్చు. 2020లో కరోనా వచ్చి ములాఖత్‌లు ఆగిపోయినప్పుడు ఉత్తరాల విలువ నాకు కొత్తగా తెలిసింది.

ఏమి రాయాలి: ఆగిపోయిన ఊరిని కదిలించండి

శిక్ష పడిన మనిషికి ఊరు అతను వెళ్లిన ఏడాది దగ్గరే నిలిచిపోతుంది. 2011లో లోపలికి వెళ్లినవాడి మనసులో ఆంధ్రప్రదేశ్ ఒకటే రాష్ట్రం. 2014లో రెండయిందని టీవీలో చూసి ఉంటాడు, కానీ ఊరి బస్టాండులో బోర్డు ఎలా మారిందో చూడలేదు. తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి. ఆంధ్రలో 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. తన ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో తెలియని ఖైదీ ఉండడం వింత కాదు. అతను చేత్తో పట్టుకున్న ఐదువందల నోటు 2016 నవంబరులోనే చెల్లకుండా పోయింది. కూరగాయల బండి మీద చతురస్రపు గుర్తు అట్టముక్క పెట్టి ఫోనుతో డబ్బు తీసుకుంటున్నారంటే అది ఎలా పనిచేస్తుందో అతనికి ఊహకు అందదు.

ఇవన్నీ ఒక్కసారిగా కాదు, ఉత్తరానికి ఒకటి చొప్పున చెప్పండి. బొమ్మ వేయండి. నేను ఒకసారి ఊరి పటం గీసి పంపాను: కొత్త రోడ్డు ఎక్కడ చీలింది, పాత సినిమా హాలు ఉన్నచోట ఇప్పుడేముంది, నీళ్ల ట్యాంకు ఎటు వచ్చింది. జవాబులో ఆ పటం తిరిగి వచ్చింది, దాని మీద అతను తన గుర్తులు వేశాడు: ఇక్కడ బావి ఉండేది, ఇక్కడ రావి చెట్టు కింద మంద నిలిపేవాళ్లం అని. ఆ బావి పూడ్చేశారని తర్వాతి ఉత్తరంలో చెప్పవలసి వచ్చింది.

ఏమి అడగాలి

ఇదే అసలు సంగతి, ఓపిగ్గా చదవండి. జైలులో మనిషికి అన్నం పెడతారు, పని చెబుతారు, లెక్కపెడతారు. కానీ "నీకు తెలిసింది నాకు చెప్పు" అని అడిగేవారు ఎవరూ ఉండరు. ఏళ్ల తరబడి ఎవరికీ అవసరం పడని మనిషికి జాలి చూపిస్తే ఆ జాలి కూడా అతనికి మోయవలసిన ఇంకో బరువే.

అతను బయట ఏమి చేసేవాడో తెలుసుకోండి. మగ్గం నేసేవాడా, బోర్లు వేసేవాడా, లారీ తోలేవాడా, పెళ్లిళ్లకు వంటలు చేసేవాడా? ఆమె బుట్టలు అల్లేదా, పురుళ్లు పోసేదా, నాట్ల పాటలు పాడేదా? అందులోంచి చిన్న ప్రశ్న తీయండి. "నీ జీవితం గురించి రాయి" అంటే ఎవరూ రాయలేరు. "రాగి సంకటికి ఎసరు ఎంత పెట్టాలి?" అంటే రాస్తారు.

నా శిష్యుడిది గొర్రెలు కాచే కుటుంబం. పేడనీళ్ల ప్రశ్న తర్వాత గొర్రెలు ఏ ఆకు మేస్తాయి, ఏది ముట్టవు అని అడిగాను. మొదట పదకొండు పేర్లు వచ్చాయి: గరిక, ఉత్తరేణి, తుమ్మకాయ, రేగు, బలుసు, ఇంకొన్ని. తర్వాతి ఉత్తరంలో ఇంకో తొమ్మిది. రాత్రి పడుకుని కళ్లు మూసుకుని నాన్నతో నడిచిన దారి వెంట మళ్లీ నడుస్తున్నానని, దారిలో కనిపించిన మొక్కల పేర్లు పొద్దున్నే రాసుకుంటున్నానని చెప్పాడు. తొలకరి వానలకు మొలిచిన లేతగడ్డి తెగమేస్తే చిటుక రోగం ఎలా వస్తుందో, పంట కోశాక పొలంలో మంద కట్టించుకునే రైతుతో బేరం ఎలా సాగేదో రెండు ఉత్తరాల నిండా రాశాడు. అవన్నీ నేను ఒక నోటుపుస్తకంలోకి ఎత్తి రాసి, ఒక ప్రతి బడి గ్రంథాలయంలో పెట్టాను. పిల్లలు చదివి అడిగిన ప్రశ్నలు మళ్లీ అతనికి పంపాను. ఇప్పుడు అతను తన బ్యారక్‌లో రాయడం రానివారికి ఉత్తరాలు రాసిపెడుతున్నాడు. అది నేను అడిగింది కాదు.

అతను చెప్పింది మీరు వాడుకున్నారా లేదా, ఫలితం ఏమిటి అన్నది తప్పకుండా రాయండి. వంట కుదరకపోతే కుదరలేదని రాయండి. ఊరికే మెచ్చుకుంటే కనిపెట్టేస్తారు.

చదువుకోవాలన్న ఆశ కనిపిస్తే ఇగ్నో, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం జైళ్లలో అధ్యయన కేంద్రాలు నడుపుతున్నాయని చెప్పండి. వివరాలు జైలు విద్యా విభాగంలో దొరుకుతాయి. మీరు చేయగలిగింది, అతను చదివిన పాఠం మీద నెలకు రెండు ప్రశ్నలు పంపడం. రాయాలనే ఆశ ఉంటే ఈ సంగతి చెప్పండి: బొంబాయి జైలులో నిర్బంధంలో ఉన్న ప్రభాకర్ సంజ్‌గిరి పరమాణువు లోపలి సంగతుల మీద మరాఠీలో ఒక పుస్తకం రాశాడు. దాన్ని అచ్చుకోసం బయటికి పంపడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు. నిర్బంధ నిబంధనల్లో అలాంటి నిషేధం లేదని, పంపుకోనివ్వాలని సుప్రీంకోర్టు 1965లో తీర్పు చెప్పింది.

ఆశ పెట్టే మాటల్లో జాగ్రత్త

"పద్నాలుగేళ్లు కాగానే వచ్చేస్తావు" అని రాయకండి. యావజ్జీవం అంటే చట్టం దృష్టిలో జీవితాంతమే. మరణశిక్షకూ అవకాశం ఉన్న నేరాల్లో యావజ్జీవం పడినవారు కనీసం పద్నాలుగేళ్లు లోపల గడపాలని చట్టం చెబుతోంది. అది పూర్తయ్యాక శిక్ష తగ్గించడం, తగ్గించకపోవడం ప్రభుత్వం చేతిలో ఉంటుంది. రిపబ్లిక్ దినం, స్వాతంత్ర్య దినం, గాంధీ జయంతి దగ్గరపడే కొద్దీ ఖైదీలు విడుదల జాబితాల కోసం ఎదురుచూస్తారు. పేరు రాకపోతే ఆ వారం చాలా కష్టంగా గడుస్తుంది. ఆ తేదీల తర్వాత చేరేలా మామూలు ఉత్తరం ఒకటి పంపండి, విడుదల ప్రస్తావన లేకుండా.

ఇంట్లో ఎవరైనా చనిపోతే ఆ కబురు ఉత్తరంలో పంపకూడదు. జైలు కార్యాలయానికి వెంటనే ఫోను చేయండి. అంత్యక్రియలకు వెళ్లే అనుమతి అడగవలసింది గంటల్లోనే. ఉత్తరం తర్వాత రాయాలి. పోయినవారి చివరి రోజులు, ఎవరెవరు వచ్చారు, ఏమి వండారు, ఏమి తలచుకున్నారు అన్నవి తీరిగ్గా రాయాలి. అక్కడ లేకపోయిన మనిషికి ఆ వివరాలే కావాలి.

పిల్లల చేత రాయించడం

తల్లి జైలులో ఉంటే ఆరేళ్లలోపు బిడ్డ ఆమెతో ఉండవచ్చు. ఆరేళ్లు నిండాక బయటికి రావాలి. ఆ బిడ్డ మీ దగ్గరో, మీ ఎరికలోనో పెరుగుతుంటే నెలకోసారి కూర్చోబెట్టండి. ఏమి రాయాలో మీరు చెప్పకండి. అక్షరాలు రాకపోతే కాగితం మీద చెయ్యి ఆనించి చుట్టూ గీత గీయించండి, తేదీ వేయండి. తల్లి ఆ గీతల మీద తన చెయ్యి పెట్టి చూసుకుంటుంది, నెలనెలా ఎంత పెరిగిందో తెలుస్తుంది. బిడ్డ కోపంగా ఉంటే, రాయనంటే, ఆ నెల మీరే రాయండి. బలవంతం వద్దు.

జవాబు రాకపోతే, కష్టం రాస్తే

జవాబు రాకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి: జబ్బు, బదిలీ, కాగితం లేకపోవడం, రాసిపెట్టే మనిషి విడుదల కావడం, ఏమి రాయాలో తోచకపోవడం. నిష్ఠూరం చేయకుండా మరో మూడు ఉత్తరాలు యథాప్రకారం పంపండి. అప్పటికీ లేకపోతే కార్యాలయానికి రాసి ఆ ఖైదీ అక్కడే ఉన్నారా అని అడగండి.

లోపల అన్యాయం జరుగుతోందని రాస్తే తేలిగ్గా తీసుకోకండి. 1979లో తీహార్ జైలు నుంచి సునీల్ బాత్రా అనే ఖైదీ, తోటి ఖైదీని వార్డరు హింసించాడని సుప్రీంకోర్టు న్యాయమూర్తికి ఉత్తరం రాస్తే, కోర్టు ఆ ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకుని విచారించింది. మీరు ఆ స్థాయికి వెళ్లనవసరం లేదు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు రాయండి, లేదా 15100 నంబరుకు ఫోను చేయండి. నిర్బంధంలో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ఇచ్చింది. అయితే ముందు అతన్ని అడిగి చేయండి. ఫిర్యాదు తర్వాత అక్కడే బతకవలసింది అతనే.

అతని ఉత్తరాలన్నీ వరుస క్రమంలో దాచండి. మీవి పంపేముందు ఫొటో తీసి పెట్టుకోండి. పెరోల్ మీదో, శిక్ష ముగిసో అతను ఇంటికి వచ్చినప్పుడు మొదటి వారాల్లో చుట్టూ మనుషులు ఎక్కువ, మాట తక్కువ. రోడ్డు దాటడానికే భయపడేవారు ఉన్నారు. వెంటనే ఇంటికి వెళ్లి కూర్చోకండి. మీ రోజు వచ్చినప్పుడు మామూలుగానే ఉత్తరం రాయండి, లోపల వరుస సంఖ్య కొనసాగించండి. కవరు మీద మాత్రం పేరు, తండ్రి పేరు, వీధి, ఊరు, పిన్ కోడ్ రాస్తే చాలు. ఖైదీ నంబరు రాసే చోటు ఖాళీగా ఉంటుంది.